కాటుక రేకుల పొడ: పాట్రిక్ రస్సెల్ జీవితము

హిందూపురమునకు తూర్పుగా పదిమైళ్ళ దూరమున లేపాక్షి యున్నది. అచ్చటి వీరభద్రాలయ ప్రాంగణమున ఒకే బండను మలచి తీర్చిన ఏడుపడగల నాగేంద్రుడు చుట్టలు చుట్టుకొని శివలింగమునకు నీడ పట్టుచుండును. నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసిన చేతులే మరునాడు వేరుసెనగ చేనిలో బుస వినబడగానే దుడ్డుకర్ర నెత్తును. భక్తియు భయమును ఒకే ప్రాణి విషయమున ఇంతగా కలిసియుండుట మరియొకచో కానరాదు. పెనుకొండ కొండవాలున రాళ్ళ సందులలోను, ధర్మవరము చెరువుకట్ట మీదను, హిందూపురపు మల్బరీ తోటలలోను పనిచేయు వారికి ముఖ్యముగ నాలుగు పాములతో వైరము కలదు: నాగుబాము, కట్లపాము, రక్తపింజర, రెండడుగులకు మించని చిన్నపింజర. ఈ చివరిది చిన్నదని తక్కువగ చూడరాదు. అది చుట్టలు చుట్టుకొని రంపపు పండ్ల వంటి తన పొలుసులను ఒకదానితో నొకటి రాచి, కట్టె కోయుచున్నట్లు చప్పుడు చేయును. ఎండిన రాతినేల దానికి మిక్కిలి యిష్టము.

ఈ నాలుగు పాముల చిత్తరువులను ఒక గ్రంథమున చేర్చి, వాటి కాటు లక్షణములను స్వయముగ పరీక్షించి, వాటిని ప్రజలు పిలుచు పేర్లతోనే లోకమునకు పరిచయము చేసిన వైద్యుడు ఈ సీమలో అడుగుపెట్టినవాడు కాడు. ఆయన ఇండియాలో నున్న కాలమున పెనుకొండ ప్రాంతము మైసూరు పాలకులైన హైదరాలీ, టిప్పు సుల్తానుల యేలుబడిలో నుండెను. 1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేయునప్పటికి ఆయన స్వదేశము చేరి పదునొకండేండ్లు గడచినవి. విశాఖపట్టణ తీరమున ఆయన గడపినది ఏడు సంవత్సరములు మాత్రమే. అయినను జంతుశాస్త్రము చదువు విద్యార్థి ఎవ్వడును ఆయన పేరు తప్పించుకొనలేడు. రక్తపింజరకు శాస్త్రజ్ఞు లిచ్చిన పేరు రస్సెల్ పింజర. ఆ రస్సెల్ ఈయనయే.

పాట్రిక్ రస్సెల్ 1726-27లో స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది. ఇల్లు నిండ సంతానము. వారిలో సవతి యన్నయైన అలెగ్జాండరు వైద్యము నేర్చి, తురుష్క సామ్రాజ్యములోని అలెప్పో నగరమున ఇంగ్లీషు వర్తక సంఘమునకు వైద్యుడుగ నుండెను. ఎడింబరోలో వైద్యవిద్య ముగించిన పాట్రిక్, 1750లో అన్న దగ్గరకు పోయెను. మూడేండ్లకు అన్న ఇంగ్లండు తిరిగిపోగా ఆ యుద్యోగము తమ్మునికి దక్కెను. అచ్చటి భాషను, ఆచారములను అభ్యసించి, వర్తకులకే గాక పట్టణ ప్రజలకును వైద్యము చేసెను. అచ్చటి పాషా ఆయనను గౌరవించి, తలపాగా ధరించు హక్కు నొసగెను. పరదేశీయునకు ఆ కాలమున అది సామాన్యమైన మర్యాద కాదు.

1760 మొదలు 1762 వరకు అలెప్పోను మహామారి పట్టి పీడించెను. వేలకొలది జనము మరణించిరి. పారిపోవుటకు వీలున్న వారు పారిపోయిరి. రస్సెల్ ఆ నగరముననే నిలిచి రోగుల వృత్తాంతములను దినదినము వ్రాసికొనెను. ఎవనికి ఏనాడు జ్వరము తగిలినది, గడ్డ ఎచ్చట లేచినది, ఎన్నినాళ్ళకు తగ్గినది, లేక ఎప్పుడు ప్రాణము పోయినది అను వివరములే ఆయనకు ముఖ్యమైనవి. ఈ యలవాటే పిమ్మట పాముల విషయమున అక్కరకు వచ్చెను. అరబ్బులలో మసూచికమునకు టీకా వేయు పద్ధతి పూర్వమునుండియు కలదని ఆయన అన్నకు వ్రాసిన వృత్తాంతము 1768లో లండను రాయల్ సొసైటీ పత్రికయందు ప్రకటితమయ్యెను.

1771లో ఆయన అలెప్పో విడిచెను. త్రోవలో ఇటలీ, ఫ్రాన్సు దేశములందు ఓడప్రయాణికులను రోగభయముచే కొన్నాళ్ళు వేరుగ నిలిపియుంచు శాలలను పరీక్షించుచు లండను చేరి వైద్యవృత్తిలో ప్రవేశించెను. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. గౌరవమునకు లోటు లేదు, జీవనమునకు లోటు లేదు. అట్టివాడు ఏబదియైదవ యేట సముద్రము దాటి మరల బయలుదేరునని యెవరును ఊహింపరు. తమ్ముడు క్లాడ్ రస్సెల్ కంపెనీ యుద్యోగి. ఆయనకు 1781లో విశాఖపట్టణమున అధికారము లభించెను. క్లాడ్ ఆరోగ్యము, కుటుంబపు బాగోగులు చూచుటకు తోడుగ పాట్రిక్ వచ్చెను. శాస్త్రము కొరకు గాక తోబుట్టువు కొరకు చేసిన ప్రయాణ మది.

విశాఖపట్టణమున ఆయనకు మొదట ఉద్యోగమేమియు లేదు. కొండలమీద తిరిగి మొక్కలు సేకరించుట, బెస్తలు తెచ్చిన చేపలను పరిశీలించుట ఆయన కాలక్షేపము. లినేయసు శిష్యుడగు కోనిగ్ అను పండితుడు అప్పుడు మద్రాసు ప్రభుత్వమునకు ప్రకృతి శాస్త్రజ్ఞుడుగ నుండెను. ఆయన 1785లో కాకినాడ ప్రాంతమున మరణింపగా ఆ స్థానమును రస్సెలున కొసగిరి. తెలుగు దేశపు మొక్కలను వర్ణచిత్రములతో కంపెనీ ఖర్చున అచ్చు వేయవలెనని సూచించినది ఈయనయే. ఆ పని సామర్లకోటలో నుండిన రాక్స్‌బరో చేతులమీదుగ నెరవేరెను. 1795లో వెలువడిన ఆ గ్రంథపు మొదటి సంపుటమునకు పీఠిక రస్సెల్ వ్రాసెను. వెదురు కణుపులలో పుట్టు వెదురుప్పును గూర్చియు ఆయన పరిశోధించి 1790లో ఒక వ్యాసము ప్రకటించెను. అన్నిటికంటె ఎక్కువగ ఆయన మనస్సు నాకర్షించిన విషయము పాముకాటు.

పాము కరచినదని ఎవడైన పరుగెత్తి వచ్చినపుడు వైద్యుడు తెలిసికొనవలసిన మొదటి సంగతి, కరచిన పాము విషము గలదియా కాదా యనుట. ఆ కాలపు యూరపు గ్రంథములు దీనికి సమాధాన మీయలేదు. లినేయసు పాములను వాటి పొట్టక్రింది పలకలను, తోకక్రింది పలకలను లెక్కించి వేరుపరచెను. రస్సెల్ తన చేతికి వచ్చిన ప్రతి పామునకును ఆ లెక్క వేసి వ్రాసెను. పాము నోరు తెరచి చూచు అపాయము లేకుండ పైచూపునకే విషసర్పమును గుర్తించు ఉపాయ మేదైన దొరకునా యని ఆయన చాల వెదకెను. తల ఆకారమును, పొలుసుల తీరును, తోక పొడవును పోల్చి చూచెను. ఒకపాటి సహాయము చేయు గుర్తులు దొరికినవి గాని, కోరలను మించిన సాక్ష్యము లేదు. ఆయన సిద్ధపరచిన వివరణ మద్రాసులో అచ్చయి వైద్యులకు పంచబడెను.

రెండవ సంగతి మందు. దక్షిణ దేశమున తంజావూరు మాత్రలకు అప్పుడు గొప్ప పేరుండెను. పాముకాటునకు అవి తిరుగులేని ఔషధమని నల్లవారును తెల్లవారును నమ్మిరి. మాత్రలోని ముఖ్యద్రవ్యము శంఖపాషాణము. అనగా విషమునకు విషమే మందు! రస్సెల్ ఆ ప్రసిద్ధికి లొంగలేదు. అట్లని దేశవైద్యమని తీసిపారవేయనులేదు. కుక్కలను, కోళ్ళను పాములచే కరపించి, కరచిన నిమిషము మొదలు ప్రాణము పోవు నిమిషము వరకు కనబడిన ప్రతి లక్షణమును వ్రాసికొనెను. మాత్ర నిచ్చి చూచెను. విషము పూర్ణముగ దిగిన జంతువును బ్రతికించు శక్తి ఆ మాత్రకు కలదని ఆ ప్రయోగములు ఋజువు చేయలేదు. నేటి పాఠకునకు ఈ పరీక్షలు కఠినముగ తోచుట సహజమే. ఆ కాలముననే ఇటలీలో ఫాంటానా అను పండితుడు ఇంతకంటె ఎన్నోరెట్లు అధికముగ జంతువులపై పింజర విషమును పరీక్షించి, యూరపువారు నమ్మిన మందుల డొల్లతనమును బయటపెట్టెను. దురభిమానము ఒక్క దేశపు సొత్తు కాదు.

మరి తంజావూరు మాత్రకు అంత పేరెట్లు వచ్చినది? ఇది బడిపిల్లలు శ్రద్ధతో ఆలోచింపదగిన ప్రశ్న. పాము కరచిన ప్రతిసారియు విషము వదలదు. విషము లేని పాములే దేశమున ఎక్కువ. విషసర్పమైనను ఒక్కొక్కప్పుడు కోరలు తగిలించి విషము విడువకయే పోవును, లేక ప్రాణము తీయుటకు చాలని పాలు మాత్రమే విడుచును. అట్టి కాటు తగిలిన వాడు మాత్ర మ్రింగినను, మంత్రము వేయించుకొనినను, వేరు నమలినను, ఊరక కూర్చుండినను బ్రతుకును. బ్రతికినవాడు ఊరూర మందును పొగడును. చచ్చినవాడు చెప్పుటకు రాడు. ఈ చిక్కు విడిపోవలెనన్నచో కరచిన పాము ఏదో, విషము ఎంత దిగినదో నిశ్చయముగ తెలిసిన పరీక్షలే కావలెను. పెనుకొండ తాలూకా గ్రామములలో పాముమంత్రమునకు గల పేరు ఏ కారణముచే నిలిచినదో, రెండువందల యేండ్లకు పూర్వము తంజావూరు మాత్రకు గల పేరును ఆ కారణముచేతనే నిలిచినది.

రస్సెల్ పనిలో తెలుగువారి కెక్కువ సంతోషము కలిగించునది ఆయన పేర్లు వ్రాసిన తీరు. పాములు పట్టువారును పల్లెప్రజలును ఏ పేరు చెప్పిరో ఆ పేరునే ఇంగ్లీషు లిపిలో, తన చెవికి వినబడినట్లు వ్రాసెను. జెర్రిపోతు, పెద్దపొడ, పసిరిక పాము, బంగారు పాము - ఇవన్నియు ఆయన పుటలలో కలవు. ఒక్క నాగుపామునకే శంఖనాగు, జొన్ననాగు, చింతనాగు అని ప్రజలు రంగును, పడగ గుర్తును బట్టి పలుపేర్లు పెట్టుదురని కనుగొని, ఆ భేదములన్నియు జాతిభేదములు కావని గ్రహించెను. రక్తపింజరకు ఆయన విన్న పేరు కాటుక రేకుల పొడ. గోధుమవన్నె దేహముపై మూడు వరుసల మచ్చలు, ప్రతి మచ్చ చుట్టును కాటుకతో దిద్దినట్లు నల్లని అంచు. పాము కరచునను భయమున పరుగెత్తు వాడు ఇట్టి పేరు పెట్టజాలడు. దానిని నిలిచి తదేకముగ చూచిన కన్ను ఏదో తెలుగు పల్లెలో నుండెను. నాగుపాము తరువాత ప్రాణహాని చేయుటలో ఈ పామే ముఖ్యమని రస్సెల్ నిర్ణయించెను.

1789 జనవరిలో క్లాడ్‌తో గూడ ఆయన స్వదేశమునకు ఓడ యెక్కెను. పాముల నమూనాలను మద్రాసులో విడిచి, వ్రాతప్రతులను, చిత్తరువులను తీసికొనిపోయెను. లండనులో మొదట పాతఋణము తీర్చెను. మహామారిని గూర్చిన గ్రంథము 1791లోను, అన్న రచించిన అలెప్పో చరిత్రకు విస్తరించిన రెండవ కూర్పు 1794లోను వెలువడెను. పిమ్మట కంపెనీ డైరెక్టర్ల యాజ్ఞచే, వారి ఖర్చున, కోరమాండల్ తీరపు సర్పములను గూర్చిన గొప్ప గ్రంథము 1796లో బయటపడెను. రంగుల పలకలు నలుబదియారు. వర్ణింపబడిన పాములు నలుబది మూడు. వాటిలో విషపు కోరలు గలవి ఏడు మాత్రమే. ఈ లెక్క ఒక్కటియే ఎందరి భయమునో తగ్గింపదగినది.

రస్సెల్ స్వయముగ లాటిను నామకరణములు చేయలేదు. ఆయన బొమ్మలను చూచి ఇతరులు చేసిరి. కాటుక రేకుల పొడకు 1797లో ఇంగ్లండు పండితుడు షా, రస్సెల్ పేరు పెట్టెను. విశాఖపట్టణపు కట్లపామును, మద్రాసు సమీపమున ఆరణిలో దొరికిన చిన్నపింజరను 1801లో ష్నైడరు అను జర్మను పండితుడు శాస్త్రనామములతో చేర్చెను. 1803లో ఫ్రెంచి పండితుడు దోదాన్ కట్లపాముల ప్రజాతికి పేరు వెదకుచు, రస్సెల్ వ్రాసిన బంగారు పాము అను మాటనే లాటిను చేసి బంగారస్ అనెను. పసుపు నలుపు పట్టెల పామునకు తెలుగువారు పెట్టిన ఆ పేరును, హిందూపురపు పొలములలోని నీలినలుపు కట్లపాము గూడ నేడు మోయుచున్నది. దాని మేన బంగారు వన్నె యించుకయు లేదు. ప్రపంచమున ఏ దేశపు విశ్వవిద్యాలయమునకు పోయినను విద్యార్థి ఈ తెలుగు మాటను ఉచ్చరింపక తప్పదు.

వార్ధక్యమున గూడ ఆయన పని మానలేదు. విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో రెండు సంపుటములుగ అచ్చయ్యెను. 1804లో శస్త్రవైద్యుడు ఎవరార్డు హోముతో కలిసి, నాగుపాము మెడచర్మమును ఎట్లు విప్పి పడగ చేయునో వివరించెను. కొన్ని పింజరలకు కన్నునకును ముక్కునకును నడుమ కనబడు గుంటలను గూర్చియు అప్పుడే వ్రాసిరి. ఆ గుంటలు ఎర దేహపు వేడిని చీకటిలో పసిగట్టు అవయవములని తేలుటకు ఇరువదవ శతాబ్ది రావలసి వచ్చెను. రస్సెల్ వివాహము చేసికొనలేదు. 1805 జూలై 2వ తేదీన లండనులో మరణించెను. సర్పగ్రంథపు రెండవ సంపుటము భాగములుగ వచ్చుచుండగా రెండు భాగములను మాత్రమే ఆయన చూచెను. మిగిలినవి 1809 నాటికి ముగిసెను.

మందు లేదని తేల్చినవాడే గాని మందు కనుగొన్నవాడు కాడు. ఆయన పిమ్మట కలకత్తాలో జోసెఫ్ ఫేరరు అదే త్రోవలో పరీక్షలు చేసి, 1872లో తన మహాగ్రంథమును ప్రకటించెను. ఆయనకును మందు దొరకలేదు. 1890 దశకమున ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్, నాగుపాము విషమును అల్పపాళ్ళలో జంతువులకు అలవాటు చేసి వాటి రక్తమునుండి విరుగుడు సీరమును తీసెను. ఇండియాలో నేడు గుఱ్ఱముల నుండి తయారగు సీరము నాలుగు పాముల విషమునకు ఒక్కటే విరుగుడు. ఆ నాలుగును నాగు, కట్ల, రస్సెల్ పింజర, చిన్నపింజర. అనగా రస్సెల్ గ్రంథమున చిత్తరువు లెక్కినవే. సీరమునకు వలయు విషములో అధికభాగము, తమిళనాట పాములు పట్టుటయే కులవృత్తిగా గల ఇరుళజాతి వారు 1978లో స్థాపించుకొనిన సహకార సంఘము నుండి వచ్చుచున్నది. విశాఖపట్టణమున రస్సెల్ దగ్గరకు గంపలు మోసికొని వచ్చిన వారి వంటివారే వీరును.

ఆయన కోళ్ళ దగ్గర గమనించిన లక్షణభేదముల కారణము ఇప్పుడు తెలియును. నాగు, కట్లపాముల విషము నరములనుండి కండరములకు పోవు ఆజ్ఞను ఆపును. మొదట కనురెప్పలు వ్రాలును, మాట ముద్దయగును, తుదకు ఊపిరి తీయు కండరములు నిలిచిపోవును. కట్లపాము రాత్రి నేలమీద పరుండిన వారిని కరచును. నొప్పి అంతగా తెలియదు, తెల్లవారి కడుపునొప్పితో లేచునప్పటికి రెప్పలు వ్రాలుచుండును. పింజరల విషము రక్తమును పాడుచేయును. గాయము వాచును, చిగుళ్ళ వెంట నెత్తురు కారును, రస్సెల్ పింజర కాటున మూత్రపిండములు గూడ చెడును. ఆసుపత్రిలో కొంచెము రక్తమును శుభ్రమైన గాజుగొట్టమున పోసి ఇరువది నిమిషములు కదల్పక ఉంచి చూతురు. గడ్డకట్టనిచో పింజర విషము దిగినట్లే. ఇంతటి సులువైన పరీక్షకు గడియారమును గాజుగొట్టమును తప్ప మరేమియు అక్కరలేదు.

ధర్మవరపు పల్లెలలో కాటు తగిలిన కాలికి తాడు బిగించుట, బ్లేడుతో కోయుట, నోట పీల్చుట నేటికిని పూర్తిగ మానలేదు. బిగించిన తాడు కాలిని కుళ్ళించును. కోసిన గాయమునుండి గడ్డకట్టని నెత్తురు ఆగదు. కాటు తగిలిన అవయవమును విరిగిన ఎముకను కట్టినట్లు కదలకుండ బద్దతో కట్టి, నడిపింపక, వెంటనే సీరము గల ఆసుపత్రికి చేర్చుట మాత్రమే చేయవలసినది. సీరము పడక దద్దురులు, ఆయాసము కలుగుట కలదు గనుక వైద్యుడు అడ్రినలిన్ సిద్ధముగ నుంచుకొనును. పామును చంపి మోసికొని పోనక్కరలేదు, చంపబోయి మరియొకడు కాటు తినుట తరచుగ జరుగును. 2020లో ప్రకటితమైన అధ్యయనము 2000 మొదలు 2019 వరకు దేశమున పాముకాటు మరణములు సుమారు పన్నెండు లక్షలని, అనగా ఏటేట సగటున 58,000 అని అంచనా కట్టెను. ఆ భారమును ఎక్కువగ మోయు రాష్ట్రములలో ఆంధ్రదేశ మొకటి. మరణించిన వారిలో నాలుగింట ఒక వంతునకు మించి పదునైదేండ్ల లోపు పిల్లలు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును, లోకము నిర్లక్ష్యము చేసిన వ్యాధుల జాబితాలో చేర్చెను.

సీరము సీసాపై నాలుగు పాముల పేర్లు అచ్చువేయుదురు. వాటిలో ఒకటి రస్సెలుది. పెనుకొండ రైతు ఆ పామును రక్తపింజర యనును. విశాఖపట్టణపు వైద్యుడు విని వ్రాసికొనిన కాటుక రేకుల పొడ యను పేరు పాతపుస్తకపు పుటలో ఆయన కూర్చిన ఇంగ్లీషు అక్షరములతోనే నిలిచియున్నది.